ఆ గడి ఎవరు ఖాళీగా ఉంచారు?

1915 సెప్టెంబరు. యూరప్ అంతా యుద్ధంలో మునిగి ఉంది. బ్రిటన్ పార్లమెంటులో ఈ యుద్ధం తప్పు అని పైకి అనగలిగినవాళ్లు కొద్దిమందే. వాళ్లలో రామ్సే మెక్‌డొనాల్డ్ ఒకరు. ఆయన నోరు మూయించాలని చాలామంది చూశారు గానీ వాదనతో కుదరలేదు. 'జాన్ బుల్' పత్రిక సంపాదకుడు హొరేషియో బాటమ్లీ చేతికి వేరే ఆయుధం దొరికింది. అది మెక్‌డొనాల్డ్ జనన ధ్రువపత్రం. దాని నకలును ఉన్నదున్నట్టు పత్రికలో అచ్చేశాడు. 1866 అక్టోబరు 12న స్కాట్లండ్ తీరంలోని లాసీమౌత్‌లో పుట్టిన ఆ బిడ్డ పేరు అందులో జేమ్స్ మెక్‌డొనాల్డ్ రామ్సే అని ఉంది. తల్లి ఆన్ రామ్సే. ఆమెకు పెళ్లికాలేదు. బిడ్డ పుట్టుకను సర్కారు 'ఇల్లెజిటిమేట్' అని నమోదు చేసుకుంది. అక్రమ సంతానం అని.

తన పేరు రికార్డులో అలా ఉందన్న సంగతి మెక్‌డొనాల్డ్‌కే అప్పటిదాకా తెలియదు. పత్రిక చూసి గంటల తరబడి నరకం అనుభవించానని, ఇది చూడకుండానే అమ్మ కన్నుమూసినందుకు దేవుడికి దండం పెట్టుకున్నానని ఆయన డైరీలో రాసుకున్నారు. తొమ్మిదేళ్ల తర్వాత, 1924లో, ఆయనే బ్రిటన్‌కు మొదటి లేబర్ ప్రధాని అయ్యారు. మనవాళ్లకు కొత్త పేరేమీ కాదు. 1932లో కమ్యూనల్ అవార్డు ప్రకటించిందీ, దానిమీద గాంధీజీ ఎరవాడ జైల్లో నిరాహార దీక్షకు కూర్చుంటే పూనా ఒప్పందం దాకా వెళ్లిందీ ఈయన హయాంలోనే.

ఒక మనిషిని దెబ్బకొట్టడానికి ప్రభుత్వం దాచిన కాగితం చాలింది. ఆ కాగితం మీద ఆ మాటను ఎవరు రాయమన్నారు? ఎవరి అవసరం కోసం? పెళ్లికాని తల్లులకు పుట్టిన బిడ్డలను రాజ్యం తన పుస్తకాల్లో ఎలా రాసుకుందో దాదాపు ఐదు శతాబ్దాల వెనక్కి వెళ్లి చూస్తే ఒక సంగతి పదేపదే కనిపిస్తుంది. ఆ పుస్తకాలు బిడ్డ కోసం రాసినవి కావు. ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో తేల్చడానికి రాసినవి. ఆ లెక్క మారినప్పుడల్లా తండ్రి పేరు ఉండాల్సిన చోటు నిండింది, లేదా ఖాళీ అయింది. తల్లి సిగ్గుపడి దాచిపెట్టింది కాబట్టే ఆ గడి ఖాళీగా ఉందని మనం అనుకుంటాం. చాలాసార్లు ఆమె చెప్పింది. రాయవద్దని చట్టమే అంది.

రెండు తాళాల పెట్టె

ఇంగ్లండ్‌లో పుట్టుకల రికార్డు మొదలైంది చర్చిలో. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌లోనూ ఒక పుస్తకం పెట్టమన్నాడు. ఆ వారం జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు ఆదివారం నాడు అందులో ఎక్కించాలి. పుస్తకాన్ని రెండు తాళాలున్న పెట్టెలో దాచాలి. ఒక తాళంచెవి మతగురువు దగ్గర, రెండోది చర్చి పెద్దల దగ్గర.

ఏం రాయాలో చెప్పారు గానీ పెళ్లికాని తల్లి బిడ్డ గురించి ఎలా రాయాలో ఎవరూ చెప్పలేదు. అందుకే ఒక్కో ఊరి పుస్తకం ఒక్కో మనిషి స్వభావాన్ని పట్టిస్తుంది. మెత్తని మనసున్న మతగురువు తల్లి పేరు మాత్రం రాసి ఊరుకున్నాడు. కొందరు 'బేస్ బార్న్' అని రాశారు, కొందరు 'బాస్టర్డ్' అని మొహమాటం లేకుండా రాశారు. లాటిన్ చదువుకున్నవాళ్లు 'ప్రజల బిడ్డ' అని అర్థం వచ్చేలా రాసి తమ పాండిత్యం చూపించుకున్నారు. 'ఫలానావాడు తండ్రి అని చెప్పుకుంటున్నారు' అన్న వాక్యమూ చాలా చోట్ల ఉంటుంది. అంటే ఊరందరికీ తెలుసు, మతగురువుకూ తెలుసు.

ఈ పద్ధతి ఎంతకాలం నడిచిందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1841లో వేల్స్‌లోని డెన్బీ పట్టణంలో సెయింట్ హిలరీ చర్చి పుస్తకంలో ఒక బిడ్డను జాన్ రోలండ్స్ అనీ, పక్కనే బాస్టర్డ్ అనీ రాశారు. ఆ పిల్లవాడు ఆరేడేళ్ల వయసులో అనాథలా, దిక్కులేని బీదలను ఉంచే వర్క్‌హౌస్ చేరాడు, పెద్దవాడై అమెరికా పారిపోయాడు, పేరు మార్చుకున్నాడు. ఆఫ్రికా అన్వేషకుడిగా చరిత్ర పాఠాల్లో మనం చదువుకున్న హెన్రీ మోర్టన్ స్టాన్లీ అతనే. జీవితమంతా తన పుట్టుకను కప్పిపుచ్చుకోవడానికే ఆయన కథలమీద కథలు అల్లాడు. మీద పడ్డ ఆ మాటను దులుపుకోవడానికి సముద్రం దాటినా సరిపోలేదు.

1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి. ముందు ఏడాది చేసిన చట్టం ప్రకారం ప్రతి చర్చికీ ఒకే నమూనా పుస్తకం. తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఇంటిపేరు, ఊరు, వృత్తి, బాప్తిస్మం ఇచ్చినవారి సంతకం. అన్నీ గళ్లు. పెళ్లికాని తల్లి వచ్చినప్పుడు గళ్లు ఇబ్బంది పెట్టాయి. తండ్రి లేడు కాబట్టి 'వృత్తి' అన్న గడిలో ఏం రాయాలి? వేల పుస్తకాల్లో అక్కడ 'సింగిల్ ఉమన్' అని రాశారు. ఆమె పొలంలో కోత కోసేదో, బట్టలు ఉతికేదో, మేడమీద దొరసానికి నీళ్లు మోసేదో ఎవరికీ అక్కర్లేదు. వడ్రంగి, కమ్మరి, రైతు అని పక్క వరసల్లో మగవాళ్ల పనులు రాసి ఉంటాయి. ఈమెకు పెళ్లికాకపోవడమే వృత్తి అయింది. అచ్చు పుస్తకం మొహం మీద కొట్టే తిట్టు ఏదీ వాడలేదు. కానీ నాకు మాత్రం పాత మతగురువుల బండ మాటల కంటే ఇదే ఎక్కువ గుచ్చుకుంది.

నొప్పుల మధ్య విచారణ

ఆ రోజుల్లో బీదసాదల పోషణ భారం ఊరిది, అంటే పారిష్‌ది. అందుకోసం ఊళ్లో ఆస్తిపరులు పన్ను కట్టాలి. తండ్రి లేని బిడ్డ పుడితే ఆ ఖర్చు తమ మీద పడుతుందని వాళ్ల భయం. 1576లో మొదటి ఎలిజబెత్ కాలంలో చట్టం వచ్చింది. తల్లినీ, తండ్రి అని తేలినవాడినీ పట్టుకుని బిడ్డ ఖర్చు వసూలు చేసే అధికారం మేజిస్ట్రేట్లకు ఇచ్చింది, శిక్షించే అధికారం కూడా. 1610 చట్టం ఇంకో అడుగు వేసింది. ఊరిమీద భారంగా మారే బిడ్డను కన్న స్త్రీని ఏడాదిపాటు శిక్షాగృహానికి పంపవచ్చంది. ఊరిమీద భారం కాకపోతే ఈ శిక్ష లేదు. పాపం గురించి ఉపదేశాలు ఎన్ని చేసినా చట్టం లెక్కపెట్టింది డబ్బునే.

అందుకే తండ్రి పేరు కావాల్సి వచ్చింది. ఆ పేరు రాబట్టే బాధ్యత మంత్రసానుల మీద కూడా పెట్టారు. పురిటి నొప్పులు తారస్థాయిలో ఉన్నప్పుడు, ప్రాణం పోతుందేమోనన్న భయంలో, బిడ్డ ఎవరిదో చెప్పమని అడిగేవారు. చెప్పేదాకా చెయ్యి వేయనని బెదిరించిన సందర్భాలూ కోర్టు కాగితాల్లో ఉన్నాయి. చావు ముంగిట ఉన్నవాళ్లు అబద్ధం చెప్పరన్న నమ్మకంతో ఆ మాటను సాక్ష్యంగా తీసుకునేవారు. 1733 చట్టం వచ్చాక విధానం మరింత గట్టిపడింది. గర్భవతి మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి పేరు చెబితే ఆ మగవాడిని పట్టుకొచ్చేవారు. ఖర్చుకు హామీ పత్రం రాస్తే వదిలేవారు, లేకపోతే జైలు. చాలామంది మూడో దారి పట్టి చర్చికెళ్లి ఆమెను పెళ్లాడారు. ఆ విచారణ కాగితాలు, ఆ హామీ పత్రాలు ఇప్పటికీ ఇంగ్లండ్ జిల్లా ఆర్కైవుల్లో కట్టలు కట్టలుగా ఉన్నాయి. వంశవృక్షం వెతుక్కునేవాళ్లకు చర్చి పుస్తకంలో దొరకని తాతగారు ఆ కట్టల్లో దొరుకుతాడు.

ఊరి ఖర్చు తప్పించుకోవడానికి ఇంకో మార్గం కూడా ఉండేది. పెళ్లికాని తల్లి బిడ్డ ఏ ఊళ్లో పుడితే ఆ ఊరివాడే అవుతాడని అప్పటి నియమం. అందుకని నెలలు నిండిన ఆడమనిషిని బలవంతంగా బండెక్కించి ఊరి పొలిమేర దాటించేవారు. కాన్పు పక్క ఊళ్లో జరిగితే చాలు.

ఇంత వేధింపుకు భయపడి గర్భాన్ని దాచుకున్నవారి గతి ఇంకా ఘోరం. 1624లో చేసిన చట్టం ప్రకారం పెళ్లికాని తల్లి తన బిడ్డ మరణాన్ని దాచిపెడితే చాలు, హత్య చేసినట్టే లెక్క. బిడ్డ చచ్చి పుట్టిందని ఆమే సాక్షితో నిరూపించుకోవాలి, లేకపోతే ఉరి. పెళ్లయిన తల్లికి ఈ నియమం లేదు. 1803 దాకా, అంటే 179 ఏళ్లు, ఈ చట్టం పుస్తకంలో ఉంది.

గుడ్డముక్కే గుర్తింపు

థామస్ కోరమ్ ఓడల మీద తిరిగిన వ్యాపారి. లండన్ వీధుల పక్కన చెత్తకుప్పల మీద పసికందుల శవాలు చూసి తట్టుకోలేక ధనవంతుల గడపలు తొక్కాడు. పదిహేడేళ్లు తిరిగాక 1739లో రాజు అనుమతి దొరికింది. అలా పుట్టింది ఫౌండ్లింగ్ హాస్పిటల్. 1741 మార్చి 25 రాత్రి మొదటిసారి తలుపులు తెరిచారు.

అక్కడ నమోదు ఎలా జరిగేదో చూడండి. తల్లి పేరు అడగరు. బిడ్డకు ఒక సంఖ్య ఇచ్చి, ఒంటిమీద ఏ బట్టలున్నాయో అచ్చు ఫారంలో రాసుకుంటారు. ఎప్పటికైనా తిరిగొచ్చి తీసుకెళ్లాలనుకుంటే గుర్తుగా ఏదైనా వదలమంటారు. సగానికి విరిచిన నాణెం, ఉంగరం, చేతిరాత చీటీ. అవేమీ లేనివాళ్ల కోసం బిడ్డ బట్టలోంచో, తల్లి చొక్కా చేతిలోంచో ఒక ముక్క కత్తిరించి ఫారానికి గుండుసూదితో గుచ్చేవారు. పూల అద్దకం, చారల నూలు, రిబ్బన్ల అంచులు. అలాంటి ముక్కలు దాదాపు 5,000 లండన్ ఆర్కైవుల్లో భద్రంగా ఉన్నాయి. ఆ కాలపు బీదవాళ్లు ఏం కట్టుకున్నారో ఇవాళ బట్టల చరిత్రకారులు తెలుసుకుంటున్నది వాటిలోంచే.

ఆ తర్వాత బిడ్డకు కొత్త పేరుతో బాప్తిస్మం ఇస్తారు. అక్కడితో పాత పేరు చెరిగిపోతుంది. 1741 నుంచి 1760 వరకు 16,000 మందికి పైగా పిల్లలు చేరారు. అందరూ పెళ్లికాని తల్లుల బిడ్డలే కారు, కడు పేదల పిల్లలూ ఉన్నారు. ప్రభుత్వ డబ్బుతో ఎవరు తెచ్చినా చేర్చుకున్న 1756–60 మధ్య వచ్చినవారే దాదాపు 15,000. వారిలో సుమారు మూడింట రెండొంతుల మంది బతకలేదు. 1760 దాకా చేరిన వాళ్లందరిలో తల్లులు తిరిగొచ్చి తీసుకెళ్లగలిగింది 150 మంది చిల్లర. దాచిన గుడ్డముక్కలు మిగతా తల్లుల కోసం ఎదురుచూస్తూ అలాగే ఉండిపోయాయి.

పుస్తకం సర్కారుది, నియమం మగవాడిది

1834లో లెక్క తిరగబడింది. బీదల పోషణ చట్టాన్ని తిరగరాస్తూ ప్రభుత్వ కమిషన్ ఒక వాదన ముందుకు తెచ్చింది. ఆడవాళ్లు అబద్ధపు ప్రమాణాలతో అమాయకులైన మగవాళ్లను ఇరికిస్తున్నారని, తండ్రి దగ్గర డబ్బు వసూలు చేయడం వల్లే ఇలాంటి పుట్టుకలు పెరుగుతున్నాయని. కొత్త చట్టం బిడ్డకు పదహారేళ్లు వచ్చేదాకా పోషించే భారం తల్లి ఒక్కదానిమీదే వేసింది. చేతకాకపోతే వర్క్‌హౌస్ ఉంది. తండ్రి మీద కేసు పెట్టడాన్ని దాదాపు అసాధ్యం చేశారు, ఒకవేళ నెగ్గినా డబ్బు ఊరి ఖజానాకే గానీ ఆమె చేతికి రాదు. జనం గగ్గోలు పెడితే పదేళ్లకు, 1844లో, తల్లే స్వయంగా కోర్టుకెళ్లే దారి తెరిచారు. 1872లో వారానికి 5 షిల్లింగుల వరకు ఇప్పించవచ్చన్నారు.

సరిగ్గా ఈ వాతావరణంలోనే పుట్టుకల నమోదు చర్చి చేతుల్లోంచి సర్కారుకు మారింది. 1837 జులై 1న ఇంగ్లండ్, వేల్స్ అంతటా సివిల్ రిజిస్ట్రేషన్ మొదలైంది. కొత్త పుస్తకంలో తండ్రి పేరు, తండ్రి వృత్తి అని రెండు గళ్లు ఉన్నాయి. తల్లి వృత్తికి గడి లేదు.

మొదటి కొన్నేళ్లు అయోమయం. తల్లి చెప్పిన పేరును కొందరు రిజిస్ట్రార్లు రాసుకున్నారు, కొందరు రాయలేదు. 1850లో స్పష్టమైన ఆదేశం వచ్చింది: పెళ్లి బయట పుట్టిన బిడ్డకు తండ్రి అనుకుంటున్నవాడి పేరు రాయకూడదు. 1875 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన చట్టం దాన్ని ఇంకాస్త సవరించింది. ఆ మగవాడు తల్లితోపాటు కచేరీకి వచ్చి, నేనే తండ్రినని ఒప్పుకుని, పుస్తకంలో సంతకం పెడితేనే అతని పేరు ఎక్కాలి. లేకపోతే ఒక గీత. తల్లి నోటితో చెప్పినా సరే, ఊరంతా సాక్ష్యం పలికినా సరే. చివరికి కోర్టు అతనే తండ్రి అని తేల్చి వారం వారం డబ్బు కట్టమని ఉత్తర్వు ఇచ్చినా ఇంగ్లండ్ పుట్టుకల పుస్తకంలో గీత గీతలాగే ఉండేది. స్కాట్లండ్ ఈ ఒక్క విషయంలో మేలు. అక్కడ కోర్టు తీర్పు వస్తే సవరణల పుస్తకంలో తండ్రి పేరు ఎక్కించేవారు. కానీ అదే స్కాట్లండ్ 1919 దాకా 'ఇల్లెజిటిమేట్' అన్న మాటను రికార్డుల్లో రాయించింది. బాటమ్లీ చేతికి చిక్కింది ఆ మాటే.

రెండు కాలాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఊరికి డబ్బు కావాల్సినప్పుడు పురిటి మంచం మీద గొంతు నొక్కి తండ్రి పేరు రాబట్టారు. మగవాడి పరువు కాపాడాలనుకున్నప్పుడు తల్లి తనంతట తాను చెప్పినా వినిపించుకోలేదు. ఒక పేరు తప్పుగా రాస్తే అమాయకుడికి అన్యాయం జరుగుతుందన్న వాదనలో కొంత న్యాయం ఉంది, కాదనను. కానీ అమాయకుడి మీద పడే మచ్చ గురించి అంత ఆలోచించిన చట్టసభకు, ఏ తప్పూ చేయని పసిబిడ్డ మీద పడే మచ్చ గురించి ఆలోచించడానికి మరో డెబ్బై ఏళ్లు పట్టింది.

ఇంకో చిత్రం ఉంది. బిడ్డను నమోదు చేయడానికి వచ్చిన తల్లిని రిజిస్ట్రార్ పెళ్లి కాగితం చూపించమని అడగడు. మా ఆయన ఫలానా అని ధైర్యంగా చెబితే రాసుకుంటాడు. అబద్ధం చెబితే చట్టం దృష్టిలో నేరమే. అయినా ఎందరో ఆ తెగువ చేశారు. డబ్బూ హోదా ఉన్నవాళ్లకైతే అది మరీ తేలిక. 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా ప్రపంచం ఎరిగిన టి.ఇ.లారెన్స్ తండ్రి అసలు ఇంటిపేరు చాప్మన్. ఐర్లండ్‌లో భార్యాబిడ్డలను వదిలి వచ్చి, పిల్లల ఆలనా పాలనా చూడటానికి తమ ఇంట్లో ఉన్న సారాతో కలిసి వేరే ఊళ్లో లారెన్స్ దంపతులుగా బతికాడు. ఇరుగు పొరుగు అనుమానించలేదు. అలా ఊరు మారి, ఇల్లు అద్దెకు తీసుకుని, కొత్త పేరుతో బతకడం పనిమనిషికి సాధ్యమా? నిజం చెప్పిన పనిమనిషి బిడ్డకు గీత మిగిలింది.

చిన్న సర్టిఫికెట్

మొదటి ప్రపంచ యుద్ధం చాలా లెక్కలు మార్చింది. చనిపోయిన సైనికుల వెనక పెళ్లికాని సహచరులూ పిల్లలూ ఎందరున్నారో సర్కారుకే తెలిసొచ్చింది. 1918లో లెటిస్ ఫిషర్ అనే ఆర్థికవేత్త చొరవతో పెళ్లికాని తల్లీబిడ్డల కోసం జాతీయ మండలి ఏర్పడింది. 1926లో చట్టం వచ్చింది. తల్లిదండ్రులు తర్వాత పెళ్లి చేసుకుంటే బిడ్డ సక్రమ సంతానమే, పుట్టుకను మళ్లీ నమోదు చేయించుకోవచ్చు. స్కాట్లండ్‌లో ఈ వెసులుబాటు ముందునుంచీ ఉంది. అయితే బిడ్డ పుట్టేనాటికి ఆ ఇద్దరిలో ఎవరికైనా వేరే పెళ్లి ఉంటే ఈ చట్టం వర్తించదు, 1959 దాకా ఆ మెలిక అలాగే ఉంది. దత్తత చట్టం కూడా 1926లోనే వచ్చింది. దత్తు వెళ్లిన బిడ్డ పాత నమోదు పక్కన 'దత్తత' అని అంచున రాసి, వివరాలు వేరే పుస్తకంలోకి మార్చారు.

అసలు ఇబ్బంది బడిలో, ఉద్యోగంలో వచ్చేది. ఎక్కడికెళ్లినా పుట్టుక కాగితం అడుగుతారు. తండ్రి గడిలో గీత గుమాస్తా కంట పడుతుంది. దీనికి 1947లో ఇంగ్లండ్ వెతికిన పరిష్కారం నాకు నచ్చుతుంది. అందరికీ ఒక చిన్న సర్టిఫికెట్ ప్రవేశపెట్టారు. పేరు, ఆడా మగా, పుట్టిన తేదీ, పుట్టిన చోటు. అంతే. తల్లిదండ్రుల ప్రస్తావనే ఉండదు. ప్రధాని కొడుకైనా, పనిమనిషి కొడుకైనా అదే కాగితం తీసుకోవచ్చు. వేరుగా కనిపించకుండా చేయడమే దాని ఉద్దేశం.

మిగతా యూరప్ తలో దారి పట్టింది. శిశుహత్యలు ఆపడానికి స్వీడన్ 1778లోనే తల్లి పేరు చెప్పకుండా కాన్పు చేయించుకునే హక్కు ఇచ్చింది, మతగురువైనా మంత్రసానైనా ఎవరని అడగకూడదు. ఫ్రాన్స్‌లో అలాంటి ఏర్పాటు ఇప్పటికీ ఉంది, తల్లి పేరు ఉండాల్సిన చోట 'ఎక్స్' అని వ్యవహరిస్తారు. ఇలా పుట్టి పెద్దవాళ్లయినవారి పోరాటం తర్వాత 2002లో, తల్లి ఒప్పుకుంటే వివరాలు అందించే జాతీయ మండలిని పెట్టారు. నార్వే పూర్తిగా ఎదురు దిశలో వెళ్లింది. మెక్‌డొనాల్డ్ కాగితాన్ని జాన్ బుల్ అచ్చేసిన ఆ 1915లోనే, యోహాన్ కాస్ట్‌బెర్గ్ పోరాడి సాధించిన చట్టాలు పెళ్లి బయట పుట్టిన బిడ్డకు తండ్రి ఇంటిపేరు మీదా ఆస్తి మీదా హక్కు ఇచ్చాయి. తండ్రి ఎవరో తేల్చే బాధ్యత ప్రభుత్వానిదే అన్నాయి. సోవియట్ రష్యా విప్లవం తర్వాత తేడాలన్నీ ఎత్తేసి, 1944లో మళ్లీ తండ్రి గడిలో గీత తెచ్చిపెట్టింది.

మరణాలు దొరికాయి, సమాధులు దొరకలేదు

ఐర్లండ్ సంగతి వేరు. అక్కడ పెళ్లికాని గర్భవతులను సన్యాసినులు నడిపే 'మదర్ అండ్ బేబీ హోమ్'లకు పంపేవారు. 2021 జనవరిలో ప్రభుత్వ కమిషన్ నివేదిక బయటికొచ్చింది. 1922 నుంచి 1998 దాకా అది పరిశీలించిన 18 సంస్థల్లో దాదాపు 56,000 మంది తల్లులు, 57,000 మంది పిల్లలు ఉన్నారు. ఆ పిల్లల్లో సుమారు 9,000 మంది చనిపోయారు.

ఈ నిజం బయటికి రావడానికి ఒక మూలకారణం, గాల్వే జిల్లా ట్యూమ్ ఊళ్లో ఉండే కేథరిన్ కార్లెస్ అనే గృహిణి. స్థానిక చరిత్ర మీద ఆసక్తితో ఆ ఊరి హోమ్ గురించి వ్యాసం రాయబోయి, అక్కడ చనిపోయిన పిల్లల వివరాలు అడిగింది. రిజిస్ట్రేషన్ కార్యాలయం దగ్గర 796 మంది పేర్లున్నాయి. 1925–61 మధ్య మరణాలన్నీ పద్ధతిగా నమోదయ్యాయి. ఆ ధ్రువపత్రాలను సొంత డబ్బుతో కొంది. చుట్టుపక్కల శ్మశానాల పుస్తకాలు తెచ్చి పోల్చి చూసింది. దాదాపు ఎవరినీ ఖననం చేసినట్టు రికార్డు లేదు. 2017లో ఆ స్థలంలో భూగర్భ గదుల్లో పసిపిల్లల అస్థికలు ఉన్నాయని కమిషన్ ధ్రువీకరించింది. 2025 జులైలో వాటిని వెలికితీసే తవ్వకం మొదలైంది. చరిత్రకారుల డిగ్రీలేవీ లేని ఒక స్త్రీ, ప్రభుత్వం దగ్గరే ఉన్న కాగితాలను ఓపికగా ఒకదాని పక్కన ఒకటి పెట్టడం వల్ల జరిగిన పని ఇది.

అదే దేశంలో నమోదు పేరుతో ఇంకో అన్యాయం జరిగింది. 2018లో ఒక దత్తత సంస్థ పాత ఫైళ్లలో 126 మంది పిల్లల విషయం బయటపడింది. 1946–69 మధ్య పుట్టిన ఈ పిల్లలను పెంచుకున్న దంపతులకే పుట్టినట్టు నేరుగా రాయించేశారు. కన్నతల్లి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్లలో కొందరికి తాము పెంపుడు బిడ్డలమన్న సంగతే అరవై, డెబ్బై ఏళ్ల వయసులో తెలిసింది. గీత గీసిన కాగితంలో కనీసం తల్లి ఉంది. ఇక్కడ కాగితం నిండుగా ఉంది, అందులో కన్నవాళ్లే లేరు. 2022 అక్టోబరు నుంచి ఐర్లండ్‌లో దత్తు వెళ్లిన వారందరికీ తమ అసలు జనన వివరాలు చూసుకునే హక్కు వచ్చింది.

మన పుస్తకాలు

మన దగ్గర తిరగేసిన కథ ఒకటి ఉంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల నుంచి లండన్‌కు వెళ్లిన బాప్తిస్మ పట్టికలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. సిపాయి దొరలకూ, మన ఆడవాళ్లకూ పుట్టిన పిల్లల వరసల్లో తండ్రి పేరు, పటాలం, హోదా ఉంటాయి. తల్లి దగ్గరికి వచ్చేసరికి చాలాచోట్ల 'నేటివ్ ఉమన్' అన్న మాటే, లేదా అదీ లేదు. ఇంగ్లండ్‌లో తండ్రిని తుడిచేసిన పుస్తకం ఇక్కడ తల్లిని తుడిచేసింది. హైదరాబాద్ రెసిడెంట్ జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసాల పిల్లలనే తీసుకోండి. వాళ్లు ముస్లిం పద్ధతిలో పెళ్లాడారు. 1805లో పసివాళ్లిద్దరినీ ఇంగ్లండ్ ఓడ ఎక్కించారు. 1806లో లండన్ చర్చిలో బాప్తిస్మంతో సాహిబ్ ఆలం విలియం జార్జ్ అయ్యాడు, సాహిబ్ బేగం కేథరిన్ అరోరా అయింది. కోఠీలో ఆ రెసిడెన్సీ భవనం ఇంకా ఉంది. ఖైరున్నిసా పిల్లలను మళ్లీ చూడలేదు.

మన ఊళ్లలో ఆ గడి బాధ ఎక్కువగా తెలిసింది జోగినులకు, మాతమ్మలకు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ పల్లెల్లో, చిత్తూరు వైపు, ఆడపిల్లను దేవుడి పేరు మీద వదిలేసి ఊరి పెద్దలకు అప్పగించిన దురాచారాన్ని 1988లో చట్టం నిషేధించింది. అప్పటికే పుట్టి బడికెళ్లే వయసొచ్చిన పిల్లలకు ప్రవేశ ఫారంలో తండ్రి పేరు ఎదురైంది. తండ్రి ఎవరో ఊరికి తెలుసు. ఒప్పుకునే ధైర్యం ఆయనకు లేదు, రాయించే శక్తి తల్లికి లేదు. కొందరు దేవుడి పేరు రాయించారు, కొందరు మేనమామ పేరు, కొందరు పిల్లలు బడే మానేశారు. పదహారో శతాబ్దపు ఇంగ్లండ్ పల్లెలో మతగురువుకు తెలిసినంతగా, ఇక్కడ పంతులుగారికీ తెలుసు.

చట్టం మెల్లగా కదిలింది. 2015 జులై 6న సుప్రీంకోర్టు 'ఎ.బి.సి.' కేసులో తీర్పు చెప్పింది. పెళ్లికాని తల్లి తన బిడ్డకు సంరక్షకురాలిగా ఉండటానికి, బిడ్డ తండ్రి పేరు చెప్పనక్కర్లేదు, అతనికి నోటీసు పంపనక్కర్లేదు. విచారణలో, ఐదేళ్ల ఆ బిడ్డకు ఇంకా జనన ధ్రువపత్రమే రాలేదని న్యాయమూర్తులకు తెలిసింది. దాంతో దేశమంతటికీ వర్తించేలా ఆదేశమిచ్చారు: పెళ్లికాని తల్లి లేదా ఒంటరి తల్లి అడిగితే, అఫిడవిట్ ఒక్కటి తీసుకుని ధ్రువపత్రం ఇవ్వాలి. 2016లో పాస్‌పోర్టుకు, 2018లో పాన్ కార్డుకు తల్లి ఒక్కరి పేరు చాలన్నారు.

కేరళలో ఒక యువకుడి మూడు కాగితాల్లో తండ్రి పేరు మూడు రకాలుగా ఉంది. తల్లి మైనరుగా ఉన్నప్పుడు పుట్టిన బిడ్డ. 2022లో అక్కడి హైకోర్టు తండ్రి పేరు తీసేసి తల్లి పేరుతోనే కొత్త పత్రం ఇవ్వమంది. అమ్మానాన్నలెవరో తెలియక అవమానాలు పడి తన పుట్టుకనే తిట్టుకున్న కర్ణుడి లాంటివాళ్లు లేని సమాజం కావాలని న్యాయమూర్తి తీర్పులో రాశారు. కురు కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుణ్ణి అడిగింది కూడా తల్లిదండ్రులెవరు, వంశమేది అనే. ఆ రోజు గ్యాలరీలో కూర్చున్న కుంతిని ఎవరూ అడగలేదు.

అంతకుముందు ఏడాది అదే హైకోర్టు, ఐవీఎఫ్ ద్వారా ఒంటరిగా తల్లి అయినవారి కోసం తండ్రి గడి లేని ప్రత్యేక ఫారం తేవాలంది. ఉద్దేశం మంచిది. నాకు మాత్రం సందేహం. వేరే ఫారం అంటే చూడగానే వేరని తెలిసిపోయే ఫారం. అందరికీ ఒకే కాగితం ఇచ్చిన 1947 నాటి ఆలోచనలో ఎక్కువ దయ ఉంది.

2023లో జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించారు. పెళ్లికాని తల్లి, ఒంటరి తల్లి తమ బిడ్డ పుట్టుకను స్వయంగా నమోదు చేయించుకోవచ్చని ఆ చట్టంలోనే రాశారు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన వారికి బడి నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం. అంటే ఆ కాగితం లేని బిడ్డకు దారి మునుపటికంటే ఇరుకు. అందుకే ఆసుపత్రి కౌంటరు దగ్గర, మున్సిపల్ కార్యాలయంలో, పంచాయతీ కార్యదర్శి బల్ల ముందు, "నాన్న పేరు చెప్పమ్మా" అన్న ప్రశ్నకు తల్లి జవాబు చెప్పకపోతే అక్కడున్న ఉద్యోగి ఫారం వెనక్కి తోయడానికి వీల్లేదు. 21 రోజుల లోపు వస్తే నమోదు ఉచితం. ఆమె బిడ్డే అని చెప్పే అఫిడవిట్ చాలు, అందులో ఏ మగవాడి పేరూ అక్కర్లేదు. బిడ్డకు ఇంకా పేరు పెట్టకపోయినా నమోదు ఆపకూడదు. ఆ పేరు ఏడాదిలోపు ఎప్పుడు వచ్చి చెప్పినా రుసుం లేకుండా ఎక్కించాలి.